షుగర్ మా పిత్రార్జితం అండి

ఏ ఫంక్షన్‌కి వెళ్లినా ఒక పెద్దమనిషి తగులుతాడు. మూడో స్వీటు వేయించుకుంటూ, మనం ఏమీ అడక్కముందే "ఏం చేస్తాం, మాకు వంశంలోనే ఉంది" అంటాడు. వాళ్ల నాన్నకి షుగర్, తాతకి షుగర్, మేనత్తకి షుగర్... ఆ చెప్పడంలో బాధేమీ ఉండదు, ఆస్తిపరుడి దర్జా.

ఇదే మనిషి నాన్న వదిలిన స్థలంలో జానెడు తక్కువొచ్చిందని సొంత తమ్ముడి మీద కేసు వేసి కోర్టు చుట్టూ తిరుగుతున్నాడు. సర్వేయర్‌ని తెచ్చి రెండోసారి కొలిపించాడు కూడా. షుగర్ వాటా దగ్గరికొచ్చేసరికి మాత్రం కొలత లేదు, సంతకం లేదు, తమ్ముడికి రాకపోయినా పర్లేదు మొత్తం నా పేరునే రాసెయ్యండి అన్నట్టు, పైగా రోజూ కూల్ డ్రింక్ పోసి దాన్ని డెవలప్ చేస్తున్నాడు. మూడు నెలల షుగర్ సగటు చెప్పే టెస్టు, హెచ్‌బీఏ1సీ, 6.1 వచ్చిందట. "బోర్డరేలే" అంటాడు, అక్కడ మిలిటరీ కాపలా ఉన్నట్టు. 6.5 వస్తే షుగరే సార్, గేటు కూడా ఉండదు.

వంశం లెక్కలోకి రాదని ఎవరన్నారు? అమ్మానాన్నల్లో ఒకరికి టైప్ 2, అంటే ఎక్కువమందికి వచ్చే ఈ మామూలు షుగర్, ఉంటే రిస్క్ పెరుగుతుంది, ఇద్దరికీ ఉంటే ఇంకా ఎక్కువ. టీసీఎఫ్7ఎల్2 అని ఒక జీన్‌కి షుగర్‌తో సంబంధం ఉందని 2006లో పట్టుకున్నారు కూడా, అందులో ఒక రకం తేడా ఉంటే ఇన్సులిన్ సరిగ్గా ఊరదు. ఉన్న ఇన్సులిన్ మాట కూడా ఒళ్లు వినకుండా పొట్ట పెంచుకునేది మాత్రం చాలావరకు మనమే. అమెరికాలో ఇలాగే షుగర్ బోర్డర్‌లో ఉన్న మూడు వేల మందికి పైగా మనుషుల మీద పరిశోధన చేసి 2002లో చెప్పారు, తిండి మార్చి 7 శాతం బరువు తగ్గాలి, వారానికి 150 నిమిషాలు నడవాలి అని పెట్టుకున్నవాళ్లలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకున్నవాళ్లలో 31 శాతమే. జీన్‌లో ఆ తేడా ఉన్నవాళ్లకీ తిండీ నడకా పనిచేశాయి.

ఇదంతా చెప్తే ఆయన నిదానంగా విని, "అందులో మా ఇంటిపేరు వాళ్లెవరూ లేరుగా" అన్నాడు.

సరే, నీ ఒళ్లు నీ ఇష్టం. కానీ పక్కన కూర్చున్న ఏడేళ్ల మనవడి గ్లాసులో అదే కూల్ డ్రింక్ అంచుదాకా పోసి "వీడికీ రేపు వచ్చేదేగా, ఇప్పుడైనా తాగనీ" అన్నాడు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండింది. జీన్ ఇచ్చింది చాలక అలవాటు కూడా నువ్వే నేర్పాలా? ఇంట్లో ఉందని తెలిసినవాడు అందరికంటే ముందు టెస్టు చేయించుకోవాలి, పిల్లాడి ప్లేటు అందరికంటే జాగ్రత్తగా చూడాలి, అది వదిలేసి ముహూర్తం పెట్టినట్టు మాట్లాడతావేంటి? రేపు వాడికి ముప్పై ఏళ్లకే మాత్రలు మొదలైతే మళ్లీ వంశం మీదే తోస్తారు. ఆ గ్లాసు వాడి ముందు నుంచి తియ్యవయ్యా ముందు!