దుంపకు చోటివ్వని నేల

కంద తవ్వే రోజు గట్టున నిలబడితే నేల సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. గోదావరి లంకలో గునపం ఒక్క పోటుకే దిగుతుంది. దుంప గుండ్రంగా లేస్తుంది, దులిపితే మట్టి రాలిపోతుంది. వరి కోసం ఏళ్ల తరబడి దమ్ము చేసిన బరువు నేలలో అదే గునపం జానెడు లోతున ఆగిపోతుంది. దుంప ఒకవైపు నొక్కుకుపోయి, బంకమట్టితో, గునపం గాట్లతో బయటికొస్తుంది. విత్తనం ఒకటే, ఎరువు బస్తాల లెక్కా ఒకటే అయినా దిగుబడి ఒకటి కాదు.

కొవ్వూరు పరిశోధన స్థానంలో ఎంపికై 1991లో విడుదలైన గజేంద్ర రకం మన గర్వం. హెక్టారుకు 40 టన్నులు ఇవ్వగల దుంప అది. అయితే నాటిన ముక్క మీద కొత్త దుంప పుట్టి, ఎనిమిది తొమ్మిది నెలల పాటు చుట్టూ మట్టిని నెట్టుకుంటూ ఊరాలి. నెట్టడానికి వీల్లేకపోతే ఏ రకమైనా ఏం చేస్తుంది? రోటావేటర్ పైమట్టిని పొడి చేస్తుందే కానీ అడుగున గట్టిపడ్డ పొరను తాకదు. నాలుగు వానలు పడితే నీరు ఇంకక నిలుస్తుంది, మొదలు కుళ్లు తెగులు పట్టుకుంటుంది.

అలాగని ఆ పొరను పగలగొట్టమనడం తేలిక కాదు. మళ్లీ వరి వేస్తే మడిలో నీరు నిలిపేది అదే. లోతుకు తవ్వలేని చోట మట్టిని పైకి పోయడమే దారి. ప్రపంచ పెండలంలో దాదాపు మూడింట రెండొంతులు పండించే నైజీరియాలో రైతులు చేత్తో మట్టి కుప్పలు పోసి నాటేది ఇందుకే. మన డెల్టాలోనూ ఎత్తు బోదెలు తోలి, మొదళ్లకు మట్టి ఎగదోస్తే దుంపకు చోటు, నీటికి దారి రెండూ దొరుకుతాయి.

ఇక సత్తువ. ఎకరాకు 10 టన్నుల చివికిన పశువుల ఎరువు వేయమని సిఫారసు. పశువులే తగ్గిపోయిన ఊళ్లో అది ఎక్కడి నుంచి తేవాలి? తెచ్చినా, దాని మేలు రెండు మూడేళ్లు భూమిలో ఉంటుంది, కౌలు పత్రం గడువేమో 11 నెలలు. వచ్చే ఏడు తనది కాని నేలకు ఏ కౌలుదారు పెంట తోలిస్తాడు? యూరియా చల్లుతాడు. ఆకు గొడుగులా విచ్చుకుంటుంది, పొటాష్ చాలక దుంప ఊరదు. ఇందులో కౌలు రైతును తప్పుపట్టడం అన్యాయమని మేం గట్టిగా నమ్ముతున్నాం. కౌలు గడువు కనీసం మూడేళ్లకు పెరగాలి.

2015లో మొదలైన భూసార కార్డు 12 అంశాలు చెబుతుంది, సేంద్రియ కర్బనం సహా. నేల ఎంత లోతున గట్టిపడిందో అందులో లేదు. దుంప పంటలు వేసే మండలాల్లో ఆ పరీక్షా చేయాలి. బోదెలు తోలే యంత్రాలను సన్నకారు రైతుకు అద్దెకివ్వాలి. వరుసల మధ్య జనుమో అలసందో చల్లి 45 రోజులకు మట్టిలో కలిపేస్తే ఆ మేలు అదే పంటకు, అదే కౌలుదారుకు అందుతుంది. ఆ విత్తనాలు కంద నాటే వేళకే రైతు సేవా కేంద్రాల్లో ఉండాలి. మొక్కలు మోకాలెత్తు దాటాక వస్తే ఉపయోగం లేదు.