ఆ ఓడ గురించి ఇంకొంచెం రాయాల్సింది

అంటార్కిటికా అన్వేషకుడు షాకిల్టన్ వాడిన, మంచులో చిక్కి మునిగిపోయిన నౌక ఎండ్యూరెన్స్‌ను 2022 మార్చిలో అంటార్కిటికా పక్కనున్న వెడ్డెల్ సముద్రంలో 3,008 మీటర్ల లోతున కనిపెట్టిన వైనం మీ కథనంలో బాగా రాశారు. కానీ ఆ బృందాన్ని అక్కడిదాకా మోసుకెళ్లిన ఓడ ఎస్.ఏ. అగల్హాస్ 2ను ఒక్క వాక్యంలో దాటేయడం నాకు బాధనిపించింది.

శిథిలాల వేట దాని నిత్యకృత్యం కాదు. 2012లో ఫిన్లాండ్‌లోని రౌమాలో తయారైన ఈ 134 మీటర్ల దక్షిణాఫ్రికా నౌక కేప్‌టౌన్ నుంచి బయల్దేరి మారియన్, గఫ్ దీవులకు, అంటార్కిటికాలోని దక్షిణాఫ్రికా పరిశోధనా స్థావరం సనే 4కు మనుషుల్ని, తిండిని, ఇంధనాన్ని చేరవేస్తుంది. సనే సముద్రపు ఒడ్డున లేదు. మంచు అంచున దించిన సరుకును 150 కిలోమీటర్లకు పైగా లోపలికి స్లెడ్జిల మీద లాక్కెళ్లాలి! చలికాలమంతా అక్కడే ఉండిపోయేవాళ్లకు ఈ ఓడే ప్రాణాధారం.

పరిశోధనలోనూ ఈ ఓడ అంతే గట్టిది. ఓడ మధ్యలో అడుగుదాకా బావిలాంటి దారి ఉంది. చుట్టూ మంచు కమ్మేసినా అందులోంచి పరికరాలు నీళ్లలోకి దించవచ్చు. మీటరు మందం మంచును 5 నాట్ల (గంటకు సుమారు 9 కిలోమీటర్ల) వేగంతో చీల్చుకుపోగలదు.

వీలైతే ఈ ఓడ మీదే విడిగా ఒక కథనం రాయండి.