గెలిచింది లాండ్రీ, ఓడింది ‘ఆర్య’ రక్తం

మనం వీసా తీసుకుని వచ్చినవాళ్లం, పన్నులు కడుతున్నవాళ్లం, సరిహద్దు దాటి దొంగచాటుగా వచ్చినవారితో మనల్ని ఒకే గాటన కట్టడమేమిటి? జన్మతః పౌరసత్వం (అమెరికా గడ్డ మీద పుడితే చాలు, పౌరులే అన్న నియమం) మీద రగడ మొదలైన నాటి నుంచి అమెరికా తెలుగు కుటుంబాల్లో తరచూ వినిపిస్తున్న మాట ఇది. ఆవేదన నిజమే, వాదన మాత్రం తప్పు. తప్పని చెప్పడానికి అమెరికా సుప్రీంకోర్టు పాత తీర్పులే చాలు.

ముందు గొడవకు మూలమైన కాగితం చూద్దాం. 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన 14160వ నంబరు ఉత్తర్వు రెండు రకాల పిల్లలను పౌరసత్వం నుంచి తప్పించింది. తల్లి అక్రమంగా ఉంటూ, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేని బిడ్డలు మొదటి రకం. తల్లి సక్రమంగానే ఉన్నా విద్యార్థి, ఉద్యోగ, పర్యాటక వీసాల వంటి ‘తాత్కాలిక’ హోదాలో ఉండి, తండ్రికి ఆ రెండూ లేని బిడ్డలు రెండో రకం. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద భర్త, అతని మీద ఆధారపడి వచ్చే హెచ్-4 వీసా మీద భార్య: మనవాళ్ల ఇళ్లలో నిత్యం కనిపించే ఈ జంట నేరుగా రెండో గడిలో పడుతుంది. దొడ్డిదారి, రాజమార్గం అన్న తేడాను ఉత్తర్వు రాసినవారే పట్టించుకోలేదు.

ఇక ఆ పాత తీర్పుల్లో మొదటిది. 1880ల శాన్‌ఫ్రాన్సిస్కోలో సుమారు 320 లాండ్రీలుంటే, అందులో 240 దాకా చైనీయులవి. దాదాపు 310 చెక్క కట్టడాల్లోనే నడిచేవి. ఆ రోజుల్లో ఊరిలో ఇళ్లే ఎక్కువగా చెక్కవి. ఇటుక, రాతి కట్టడం కాని చోట లాండ్రీ నడపాలంటే సూపర్‌వైజర్ల బోర్డు అనుమతి ఉండాలని నగరం ఆర్డినెన్సు తెచ్చింది. పైకి చూస్తే అగ్నిప్రమాదాల నివారణే. అనుమతి కోసం 200 మందికి పైగా చైనీయులు దరఖాస్తు చేస్తే ఒక్కరికీ దక్కలేదు. చైనీయులు కానివారు 80 మంది అడిగితే ఒక్కరికి తప్ప అందరికీ ఇచ్చేశారు. ‘యిక్ వో’ పేరుతో 22 ఏళ్లుగా ఒకే చోట లాండ్రీ నడిపిన వ్యక్తి దగ్గర ఫైర్ వార్డెన్ల ధ్రువపత్రం ఉంది, ఆరోగ్యాధికారి ధ్రువపత్రమూ ఉంది. అయినా పది డాలర్ల జరిమానా వేశారు, కట్టకపోతే జైలన్నారు. ఆయన జైలుకే వెళ్లాడు. (యిక్ వో అన్నది లాండ్రీ పేరు. మనిషి పేరు లీ యిక్. బోర్డు మీది పేరే అతని పేరనుకుని అధికారులు రాసేసుకున్నారు, రాజ్యాంగ న్యాయశాస్త్రంలో అదే స్థిరపడిపోయింది.)

ఆయనకు పౌరసత్వం లేదు. చైనీయుడు కాబట్టి నాటి చట్టం ప్రకారం వచ్చే ఆశా లేదు. 1886 మే 10న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది: 1868 నాటి 14వ సవరణలో సమాన రక్షణ హామీ ‘పౌరుల’కు కాదు, ‘ఏ వ్యక్తికైనా’ వర్తిస్తుంది. చట్టం అక్షరాల్లో వివక్ష లేకపోయినా అమలు చేసే చేతిలో ఉంటే చాలు, కొట్టేయవచ్చు. ఇవాళ హెచ్-1బీ ఉద్యోగి అమెరికా కోర్టు మెట్లెక్కి సమాన రక్షణ అడగగలుగుతున్నాడంటే దాని వెనక ఈ లాండ్రీ ఉంది. లాండ్రీల సంఘం డబ్బు కూడగట్టి, పేరున్న లాయర్లను పెట్టి నడిపించిన కేసిది.

రెండో కేసు వాంగ్ కిమ్ ఆర్క్‌ది. ఆయన వృత్తి వంట. 1873లో శాన్‌ఫ్రాన్సిస్కోలోనే పుట్టాడు. 1894లో చైనా వెళ్లే ముందు, తాను ఇక్కడే పుట్టానని తెల్లవారైన సాక్షులతో సంతకాలు పెట్టించి ధ్రువీకరణ పత్రం తీసుకున్నాడు. 1895 ఆగస్టులో తిరిగొస్తే కస్టమ్స్ కలెక్టర్ ఓడ దిగనివ్వలేదు. రేవులో ఒక ఓడ నుంచి ఇంకో ఓడకు మారుస్తూ నెలల తరబడి నీళ్ల మీదే ఉంచారు. అమెరికాలో పుట్టి, దాని ‘అధికార పరిధికి లోబడినవారు’ పౌరులని 14వ సవరణ చెబుతుంది. ప్రభుత్వ వాదన: పుట్టింది ఇక్కడే అయినా తల్లిదండ్రులు చైనా చక్రవర్తి ప్రజలు, కాబట్టి కొడుకు అమెరికా ‘అధికార పరిధికి లోబడినవాడు’ కాడు. 1898 మార్చి 28న 6-2 మెజారిటీతో కోర్టు దాన్ని తోసిపుచ్చింది. జస్టిస్ హొరేస్ గ్రే రాసిన తీర్పు ఆ మాటకు అర్థాన్ని చాలా గట్టిగా బిగించింది. విదేశీ దౌత్యవేత్తల పిల్లలు, విదేశీ ప్రభుత్వ నౌకల్లో పుట్టినవారు, శత్రుసేన ఆక్రమించిన ప్రాంతంలో శత్రువులకు పుట్టినవారు, నాటికి తెగల పాలనలో ఉన్న ఆదివాసులు: మినహాయింపు వీరికే. (ఆదివాసులకు 1924లో చట్టం ద్వారా పౌరసత్వం వచ్చింది.) దౌత్యవేత్త తప్పు చేస్తే అమెరికా కోర్టు బోనెక్కించలేదు. వీసా ఉన్నవాడినీ లేనివాడినీ ఎక్కించగలదు. అధికార పరిధి అంటే అంతే.

ఆ తీర్పులో ఇంకో మాట ఉంది. విదేశీయుల పిల్లలు పౌరులు కారని తేలిస్తే ఇంగ్లిష్, స్కాటిష్, ఐరిష్, జర్మన్ తల్లిదండ్రులకు పుట్టిన వేలాది మందిని కూడా తీసేసినట్లేనని కోర్టు గుర్తుచేసింది. చైనీయుడి కేసు గెలిచింది అతను ప్రత్యేకమైన చైనీయుడైనందుకు కాదు, అతన్ని తీస్తే అందరినీ తీయాల్సి వస్తుంది కాబట్టి.

ఇక మన భారతీయుడి కేసు. పంజాబ్ నుంచి 1913లో వెళ్లిన భగత్‌సింగ్ థింద్ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. 1918లో పౌరసత్వం ఇచ్చారు, నాలుగు రోజులకే లాగేసుకున్నారు. 1920లో ఓరెగాన్ కోర్టు మళ్లీ ఇచ్చింది, ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. అప్పటి చట్టం ప్రకారం వలస వచ్చినవారు పౌరులు కావాలంటే తెల్లవారైనా కావాలి, ఆఫ్రికా సంతతివారైనా కావాలి. థింద్ తరఫు వాదనపత్రం మొదటి తలుపే తట్టింది. తాను అగ్రవర్ణ హిందువునని, ఆర్యుడినని, మానవశాస్త్రం ప్రకారం కాకేసియన్‌నని చెప్పింది. కులం కట్టుబాటు వల్ల రక్తం కలగలవలేదంటూ, నల్లవారిని అమెరికన్లు చూసినట్టే భారత్‌లోని ఆదివాసులను అగ్రవర్ణులు వివాహాల విషయంలో దూరంగా పెడతారని కూడా వాదించింది! 1922 నవంబరులో జపనీయుడు ఒజావా కేసులో ‘తెల్లవారు అంటే కాకేసియన్లు’ అని రాసిన జస్టిస్ సదర్లాండే, మూడు నెలలకు, 1923 ఫిబ్రవరి 19న, శాస్త్రం మాట అటుంచి సామాన్యుడి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కావని తేల్చేశారు. తీర్పు ఏకగ్రీవం. రాసిన సదర్లాండ్ స్వయంగా ఇంగ్లండులో పుట్టి వలస వచ్చినవాడు.

ఆ తీర్పు పట్టుకుని పదుల సంఖ్యలో భారతీయుల పౌరసత్వాన్ని ప్రభుత్వం రద్దు చేయించింది. 1921లో పౌరుడైన శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి వైష్ణోదాస్ బగాయ్ వారిలో ఒకరు. పౌరసత్వం పోయింది, పౌరులు కాలేని విదేశీయులకు భూమి హక్కు లేదన్న కాలిఫోర్నియా భూచట్టం కింద ఆస్తి పోయింది, స్వదేశం చూసిరావడానికి అమెరికా పాస్‌పోర్టు ఇవ్వలేదు. 1928లో ప్రాణం తీసుకున్నాడు. థింద్‌ను నిందించడం మా ఉద్దేశం కాదు, చట్టమే ఆ ఇరుకు సందులోకి తోసింది. కానీ పక్కవాడి కంటే మేం పైవాళ్లమన్న వాదన ఆనాడు ఒక్క భారతీయుడినీ కాపాడలేదు. థింద్‌కు చివరికి 1936లో పౌరసత్వం వచ్చింది జాతితో నిమిత్తం లేకుండా మాజీ సైనికులందరికీ వర్తించిన చట్టం వల్ల.

నేటి కేసుకు వద్దాం. వాంగ్ తల్లిదండ్రులకు అమెరికాలో ‘స్థిర నివాసం’ ఉందని 1898 తీర్పు పేర్కొంది. ఉత్తర్వును సమర్థించేవారు పట్టుకు వేలాడుతున్నది ఆ మాటనే. మనవాళ్లకు ముల్లు గుచ్చుకునేదీ ఇక్కడే. ఏటా ఉద్యోగ కోటాలో సుమారు 1,40,000 గ్రీన్‌కార్డులు, ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి. అందుకే ఐ-140 (ఉద్యోగి గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే అర్జీ) ఆమోదం పొందినవారు కూడా మూడేళ్లకోసారి హెచ్-1బీ పొడిగించుకుంటూ పదేళ్లకు పైగా వరుసలో నిలబడుతున్నారు. ముప్పై ఏళ్ల రుణంతో ఇల్లు కొన్నా, పిల్లలు హైస్కూలుకొచ్చినా హోదా మాత్రం ‘తాత్కాలికం’. చట్టబద్ధంగా వచ్చామని చూపించే ఆ వీసాయే, తాత్కాలికులమని అవతలి పక్షం చూపించే సాక్ష్యం. అక్రమంగా ఉన్నవారు కూడా రాష్ట్రం ‘అధికార పరిధి’లోని వారేనని 1982లో ప్లైలర్ కేసులో, టెక్సస్ బడుల నుంచి గెంటేసిన పిల్లల కోసం 5-4తో వచ్చిన తీర్పు హెచ్-1బీ బిడ్డకు అంతకంటే గట్టి ఆసరా.

2025 జూన్ 27న, వలసదారుల సంస్థ కాసా కేసులో, సుప్రీంకోర్టు ట్రంప్ ఉత్తర్వు మంచిచెడ్డల జోలికి పోకుండా, కింది కోర్టులు దేశమంతటికీ వర్తించేలా నిలుపుదల ఇచ్చే అధికారాన్ని 6-3తో కత్తిరించింది. రెండు వారాల్లోపే, జులై 10న, న్యూహాంప్‌షైర్ జిల్లా కోర్టు పిల్లలందరినీ ఒకే వర్గంగా గుర్తించి రక్షణ ఇచ్చింది. ఆ వర్గంలో వీసా తల్లుల బిడ్డలూ ఉన్నారు, కాగితాలు లేని తల్లుల బిడ్డలూ ఉన్నారు. విడదీసి చూపమని అడిగే తెలుగు సంఘాలు ఏ గొడుగు కింద నిలబడి ఆ మాట అంటున్నాయో ఒకసారి తల పైకెత్తి చూడాలి. కోర్టుకు సహాయక వాదన సమర్పించే శక్తి, డబ్బు, లాయర్లు మన సంఘాలకు ఉన్నాయి. సమర్పిస్తే అది గ్రే తీర్పు అక్షరాల మీద, అందరి పిల్లల పేరు మీద ఉండాలి.

మన ఇంటి సంగతీ ఒకటుంది. పుట్టుకతోనే పౌరసత్వమన్న సూత్రంతో 1955లో మొదలైన భారత్, 1987 జులై 1 నుంచి తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలంది, 2004 డిసెంబరు 3 నుంచి రెండోవారు అక్రమ వలసదారు కాకూడదనీ చేర్చింది. విదేశంలో భారతీయులకు పుట్టిన బిడ్డకూ పౌరసత్వం దానంతటదే రాదు. పుట్టిన ఏడాదిలోపు భారత కాన్సులేట్‌లో నమోదు చేయించాలి, వేరే దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. గడువు దాటితే కేంద్రం అనుమతి కావాలి. అమెరికా పాస్‌పోర్టు వస్తుందో రాదోనని ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ పన్నెండు నెలలూ గడిచిపోతాయి. కాన్పు నాటికి చెల్లుబాటులో ఉన్న తల్లిదండ్రుల ఐ-94 (దేశంలోకి ప్రవేశించిన రికార్డు), ఐ-797 (వీసా హోదా ఆమోద పత్రం) ప్రతులను బిడ్డ జనన ధ్రువపత్రంతో కలిపి భద్రపరచాలి. సుప్రీంకోర్టులో గెలిచిన వాంగ్ కిమ్ ఆర్క్‌ను కూడా 1901లో ఎల్‌పాసోలో అధికారులు మళ్లీ పట్టుకున్నారు. 300 డాలర్ల పూచీకత్తు కట్టి, తాను పౌరుడినేనని ఇంకోసారి రుజువు చేసుకోవడానికి నెలలు పట్టింది.