మెర్జ్ టూల్ గారికి ఒక విన్నపం

గౌరవనీయులైన మెర్జ్ టూల్ గారికి,

నమస్కారాలు. ఒకే ఫైలును ఇద్దరు మార్చితే ఆ తేడాలు పక్కపక్కన చూపి, రెండింటినీ ఒకటిగా కలిపే (మెర్జ్ చేసే) టూళ్లు నాలుగైదు ఉంటే, మిమ్మల్నే ఏరికోరి తెచ్చుకున్నాను. తేడాలన్నీ రంగుల్లో చూపిస్తామన్నారు, మెర్జ్ ఒక్క క్లిక్ పని అన్నారు. ఈరోజు మధ్యాహ్నమంతా తమరి సేవలోనే గడిచిపోయింది.

మా టీమ్‌లో ఒకాయన మార్చింది ఒక్కటంటే ఒక్క లైను. టైమ్‌అవుట్ (ప్రోగ్రామ్ ఎంతసేపు ఎదురుచూడాలో చెప్పే అంకె) 30 ఉన్నచోట 60 పెట్టారు, అంతే. మీరేమో ఫైలంతా ఎర్రగా పూసి పెట్టారు. ఎడమవైపు ఒక బ్రాకెట్, కుడివైపు అదే బ్రాకెట్. ఎడమన ఒక కామెంట్, కుడిన అక్షరం పొల్లుపోకుండా అదే కామెంట్. అయినా రెండూ వేరట! ఇంతకీ తేడా ఎక్కడయ్యా అంటే లైను చివర, కంటికి కనిపించని చోట. విండోస్‌లో లైను చివర రెండు క్యారెక్టర్లు, లినక్స్‌లో ఒకటే. తీగ మీద వచ్చిన అక్షరాలను కాగితంపై కొట్టే టెలిటైపుల కాలంలో క్యారేజీని వెనక్కి లాగడానికి ఒకటి, కాగితాన్ని పైకి జరపడానికి ఒకటి ఉండేవి. ఆ యంత్రాలు మూలనపడ్డా ఆచారం మాత్రం మడిగా పాటిస్తున్నారు, సంతోషం. "తేడా లైను చివర్లోనే, కంగారు పడకండి" అని ఒక్క ముక్క చెబితే మీ సొమ్మేం పోయింది? పైగా దాన్ని పట్టించుకోవద్దనే ఆప్షన్ మీ దగ్గరే ఉంది. సెట్టింగ్స్‌లో, అడ్వాన్స్‌డ్‌లో, చివరి ట్యాబ్ అడుగున. ఆఫ్‌లో!

ఫంక్షన్‌ని కాస్త కిందికి జరిపితే ఇక్కడ తీసేశారు, అక్కడ కొత్తగా రాశారు అంటారు. పోనీలెండి. పనయ్యాక ఫోల్డర్ నిండా ఒరిగ్ ఫైళ్లు, అంటే పాత కాపీలు, చల్లి వెళ్తారు, అవీ ఏరుకుంటాను. కానీ ఇద్దరూ ఏ పాత ఫైలు నుంచి బయల్దేరారో అది పక్కన లేకపోతే, ఈ లైను ఒకరు చేర్చిందా ఇంకొకరు తీసేసిందా అన్నది ఎవరికి తెలుస్తుంది? ఆ పాత ఫైలును చూపించే మూడో కిటికీ డబ్బు కట్టినవాళ్లకేనట.

అసలు నీకున్న పనేంటి? ఏం మారిందో చెప్పడం. అన్నీ మారాయని చెప్పడానికి నువ్వెందుకు, నీ రంగులెందుకు? 1974లో యూనిక్స్ ఐదో ఎడిషన్‌తో పాటు బయటికొచ్చిన డిఫ్ అనే తేడాలు చూపే కమాండ్ ఇంకా బతికే ఉంది. దానికి కిటికీల్లేవు, బటన్లు లేవు. డబ్ల్యూ ఆప్షన్ తగిలిస్తే లైను చివరివాటితో సహా ఖాళీలన్నీ పక్కకు నెట్టి ఆ 30, ఈ 60 నా మొహాన పడేసింది.

రేపు ఇద్దరి మార్పులూ ఒకేచోట ఢీకొని కాన్‌ఫ్లిక్ట్ వస్తే మళ్లీ నీ గుమ్మమే తొక్కాలి, తెలుసు. నీ సెట్టింగ్స్ అడుగున ఉన్న ఆ ఆప్షన్ ఆన్ చేసి పెట్టాను. అప్‌డేట్ పేరు చెప్పి దాన్ని మళ్లీ ఆఫ్ చేశావో, చూస్కో.

ఇట్లు,
ట్రయల్ గడువు ఇంకా ముగియని మీ యూజర్