గాంధీబొమ్మ సెంటర్లో ప్లేటో

పాశ్చాత్య తత్వశాస్త్రంలోని మహాగ్రంథాలను మన డిగ్రీ విద్యార్థులు సరిగా చదవడం లేదని కొందరు పెద్దలు వాపోతున్నారు. ఈ ఆరోపణ నిరాధారమని, ప్లేటో సిద్ధాంతాన్ని నెల్లూరు కుర్రవాళ్లు పాటిస్తున్నంత శ్రద్ధగా గ్రీసు దేశంలో కూడా పాటించి ఉండరని సవినయంగా మనవి చేస్తున్నాను.

తన 'రిపబ్లిక్' గ్రంథం పదో భాగంలో ప్లేటో మంచం గురించి ఒక మాట చెప్పాడు. మంచమనే భావం ఒకటుంది, ఆ భావాన్ని బట్టి వడ్రంగి మంచం చేస్తాడు, ఆ మంచాన్ని చూసి చిత్రకారుడు బొమ్మ వేస్తాడు, కనుక బొమ్మ సత్యం నుంచి లెక్కిస్తే మూడో మెట్టు మీద ఉంటుందన్నాడు. మూడో మెట్టుకే అంత దిగులుపడిన మనిషి మా మేనల్లుడి సంచి చూసి ఉంటే ఏమైపోయేవాడో! గ్రీకు మూలం తర్వాత ఇంగ్లీషు అనువాదం, అనువాదం తర్వాత బజారు గైడు, గైడు చూసి ఎవరో సీనియర్ రాసుకున్న తెలుగు నోట్సు, ఆ నోట్సుకు గాంధీబొమ్మ సెంటర్లో తీయించిన మైక్రో జిరాక్సు. వెరసి మావాడు అయిదో మెట్టు మీద కూర్చుని చదువుతున్నాడు. అది పరీక్ష గదిలోకి తీసుకుపోవడానికి కాదని వాడు ఒట్టు వేశాడు, నేను నమ్మాను.

పరీక్షకు ముందురోజు సాయంత్రం ఆ కొట్టు దగ్గర నేనూ నిలబడ్డాను. "కాంట్ ఉండాడబ్బయా, హ్యూమ్ ఒక్క నిమిషం ఆగితే వస్తాడు" అంటున్నాడు కొట్టతను. 57 ఏళ్ల వయసులో, 1781లో జర్మన్ తత్వవేత్త కాంట్ వెలువరించిన 800కు పైగా పుటల గ్రంథం అరచేతిలో ఇమిడిపోయింది. 1739లో తన తొలి గ్రంథం అచ్చుయంత్రం నుంచి చచ్చిపుట్టిందని స్కాట్లండ్ తత్వవేత్త హ్యూమ్ స్వయంగా రాసుకున్నాడు. ఆ దోషాన్ని నెల్లూరు పరిహరించింది, ఇక్కడ ఆయన యంత్రంలోంచి వెచ్చవెచ్చగా బయటికి వస్తున్నాడు.

అసలు పుస్తకం కాలేజీలో లేదేమోనని శంకించేవారి కోసం లైబ్రరీకి కూడా వెళ్లివచ్చాను. పుస్తకం ఉంది, అద్దాల బీరువాలో ఉంది, బీరువాకు తాళం ఉంది. "కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ వాళ్లు వచ్చినప్పుడు తీసి పెడతాం సార్" అన్నారు లైబ్రేరియన్ మేడమ్. భావాలు బుద్ధికే గాని కంటికి అందవన్న ప్లేటో మాటను ఇంత నిష్ఠగా అమలుచేసిన సంస్థ మరొకటి ఉండదు.

సోక్రటీస్ విషయంలో మాత్రం గైడు అవసరం పడలేదు. క్రీ.పూ. 399లో, నీకు తగిన శిక్షేమిటో నువ్వే చెప్పుకోమని న్యాయస్థానం అడిగితే, ప్రభుత్వ ఖర్చుతో భోజనం పెట్టించమన్నాడాయన. స్కాలర్‌షిప్పు రాక మెస్సు బాకీ పడిన హాస్టల్ పిల్లలకు ఇది ఒక్కసారి చెబితే అర్థమైంది.

మైక్రో జిరాక్సులో ఉన్న లోపమల్లా అంచులు తెగిపోవడమే. "నేను ఆలోచిస్తున్నాను, కనుక నేను ఉన్నాను" అని ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ 1637లో రాసిన వాక్యంలో మావాడి కాగితం మీద ఆలోచన తెగిపోయి, "నేను ఉన్నాను" మాత్రమే మిగిలింది. "ఏంది మామా, అటెండెన్స్ పలికినట్టు ఉండాది" అన్నాడు గాని, ఇంటర్నల్ పరీక్షలో దాన్నే ఉన్నదున్నట్టు రాసి, కింద రెండు గీతలు కూడా గీశాడు. 5కు 4 వచ్చాయి. తగ్గిన ఒక్క మార్కు చేతిరాతకట.