లామీ 2000 ముందు క్యాప్‌లెస్ వట్టి షోకేనా?

రోజూ రాసుకోవడానికి మంచి ఇంకు పెన్ను ఏదని అడిగితే ఈమధ్య ఒకటే జవాబు వినిపిస్తోంది. "కళ్లు మూసుకుని లామీ 2000 కొనుక్కోండి. పైలట్ క్యాప్‌లెస్ టిక్కుటిక్కుమని నొక్కుకోవడానికే బాగుంటుంది, రాయడానికి పనికిరాదు." లామీ జర్మన్ కంపెనీ పెన్ను. క్యాప్‌లెస్ జపాన్ కంపెనీ పైలట్ చేసే పెన్ను, బటన్ నొక్కితే పాళీ బయటికొస్తుంది. కారణాలు కూడా అందరి నోటా అవే: మూత లేదు కాబట్టి ఇంకు ఎండిపోతుంది, క్లిప్పు వేళ్లకి అడ్డం, ఇంకు చాలదు, పైగా లామీ బంగారు పాళీ వాడేకొద్దీ మన చేతికి అలవాటుపడుతుంది. లామీ మంచి పెన్నే, అందులో పేచీ లేదు. పేచీ అంతా ఈ కారణాలతోనే.

ముందు బంగారం సంగతి, ఎందుకంటే ఇది తేలిగ్గా తేలిపోతుంది. క్యాప్‌లెస్ పాళీ కూడా బంగారమే. లామీది 14 క్యారెట్లు, దీనిది మామూలుగా 18. అంటే ఒకదానిలో 58.5 శాతం, ఇంకోదానిలో 75 శాతం బంగారం. అలాగని క్యాప్‌లెస్ గొప్పదని కూడా కాదు. కాగితానికి తగిలేది బంగారం కాదు, పాళీ కొసన అతికించిన చిన్న గట్టి లోహపు గుండు. నున్నగా సాగడం, గీరుకోవడం ఆ గుండుని ఎలా అరగదీసి పాలిష్ చేశారన్న దాని మీద ఉంటుంది. అది అరిగి మన చేతివాటానికి రావాలంటే ఏళ్లు పడుతుంది. మొదటి వారంలోనే "పెన్ను అలవాటుపడింది" అనిపిస్తే, అలవాటుపడింది మన చెయ్యి.

ఇక ఎండిపోవడం. క్యాప్‌లెస్‌కి మూత లేదు గానీ తలుపుంది. మూతి వైపు చూస్తూ బటన్‌ని మెల్లగా నొక్కితే రంధ్రం లోపల చిన్న రేకు పక్కకి ఒరిగి పాళీకి దారివ్వడం కనిపిస్తుంది. మళ్లీ నొక్కితే పాళీ లోపలికి పోతుంది, స్ప్రింగు ఆ తలుపుని మూసేస్తుంది. తొలి క్యాప్‌లెస్ వచ్చింది 1963లో, లామీ 2000 వచ్చింది 1966లో. నిజంగానే ఇంకు ఎండగొట్టే పెన్నయితే ఇన్ని దశాబ్దాలు జనం దాన్ని కొనేవాళ్లు కాదు. డ్రాయర్లో నెలల తరబడి పడేస్తే ఏ పెన్నయినా మొరాయిస్తుంది, కానీ మనం మాట్లాడేది రోజూ రాసే పెన్ను గురించి. రోజువారీ వాడకంలో ఎండిపోయేది మూత తీసి పక్కన పెట్టి ఆలోచనలో పడిపోయినవాళ్ల పెన్ను. ఆ అలవాటున్నవాళ్లు లామీ కొంటేనే ఎక్కువ ఇబ్బంది.

క్లిప్పు మీద ఫిర్యాదు సగం నిజం. క్యాప్‌లెస్‌లో క్లిప్పు పాళీ వైపే ఉంటుంది. జేబుకి తగిలించినప్పుడు పాళీ పైకి ఉండాలని, ఇంకు కిందికి దిగకూడదని అలా పెట్టారు. అది మీకు అడ్డమా కాదా అన్నది పెన్ను కొనకుండానే తెలుసుకోవచ్చు. చేతిలో ఉన్న ఏదో ఒక పెన్నుతో రెండు లైన్లు రాసి ఆగండి. పెన్ను పైభాగాన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాస్త ఖాళీ ఉందా? ఉంటే క్లిప్పు అక్కడ సర్దుకుని కూర్చుంటుంది. బొటనవేలు చూపుడువేలి మీదికెక్కే పట్టయితే, లేదా మీరు పెన్నుని పక్కకి తిప్పి రాసేవాళ్లయితే, ప్రతి లైనుకీ క్లిప్పు గుచ్చుకుంటుంది. అలాంటివాళ్లు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

అయితే లామీకి కూడా ఓ పేచీ ఉంది, సలహా ఇచ్చేవాళ్లు దాని ఊసెత్తరు. దాని పాళీ చాలావరకు లోపలికి దాగి ఉంటుంది, పట్టుకునే చోటు గుండ్రం. కాబట్టి రాస్తూ రాస్తూ పెన్ను వేళ్ల మధ్య కొంచెం తిరిగినా తెలియదు. ఆ పాళీ కొసేమో సరిగ్గా ఒక కోణంలో ఆనితేనే హాయిగా రాస్తుంది. కాస్త ఒరిగితే గీరుకోవడమో, గీత మధ్యలో తెగడమో. అందరూ తిట్టే ఆ క్లిప్పు క్యాప్‌లెస్‌ని ఇలా తిరగకుండా ఆపుతుంది.

ఇంకు చాలదన్నది మాత్రం ఒప్పుకోవాల్సిందే. లామీ పెన్నులోనే ఇంకు పీల్చే పిస్టన్ ఉంటుంది, అందులో 1.3 మిల్లీలీటర్ల పైచిలుకు పడుతుంది. క్యాప్‌లెస్‌తో వాడే కాన్-40 కన్వర్టర్‌లో, అంటే సీసాలోంచి ఇంకు పీల్చుకునే చిన్న గొట్టంలో, 0.4 దాటితే గొప్ప. ముందే ఇంకు నింపి అమ్మే పైలట్ కార్ట్రిడ్జ్‌లో 0.9 దాకా పడుతుంది. ఖాళీ అయ్యాక సిరంజితో మళ్లీ నింపుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ రంగు మార్చాలన్నప్పుడు లెక్క తిరగబడుతుంది. క్యాప్‌లెస్‌లో పాళీ మొత్తం ఒక గొట్టంలా బయటికొస్తుంది, కుళాయి కింద పెట్టి కడిగేయొచ్చు. లామీలో పిస్టన్ తిప్పుతూ నీళ్లు పీల్చడం, వదలడం, మళ్లీ పీల్చడం. ఓపికుండాలి.

వీటన్నిటికంటే ముందు చూడాల్సిన గీత మందం ఈ వాదనలో ఎక్కడా లేదు. రెండు పెన్నుల్లోనూ ఫైన్ అనే పేరుతోనే పాళీ దొరుకుతుంది, కానీ జపాన్ ఫైన్ సన్నం, జర్మన్ ఫైన్ దానికంటే లావు. లామీ ఫైన్‌తో రాస్తే చాలాసార్లు పైలట్ మీడియం గీతలా కనిపిస్తుంది. అక్షరాలు చిన్నగా రాసేవాళ్లకి అందులో సున్నాలు పూడిపోతాయి, వత్తులు ముద్దకడతాయి. పల్చని కాగితమైతే వెనక్కి దిగుతుంది. పెద్ద అక్షరాలవాళ్లకి అదే గీత నిండుగా ఉంటుంది. సన్నగీత తక్కువ ఇంకు తాగుతుంది కాబట్టి, పైన చెప్పిన మిల్లీలీటర్ల తేడా పేజీల్లోకి వచ్చేసరికి అంతుండదు.

నన్నడిగితే, కూర్చున్న చోటు నుంచి లేవకుండా ఒకే రంగుతో పేజీలు నింపేవాళ్లకి లామీ. ఒక చేత్తో ఫోను పట్టుకుని మాట మధ్యలో ఒక నంబరు, మీటింగులో ఒక ముక్క, ఇలా ఆగుతూ రాసేవాళ్లకి క్యాప్‌లెస్.

దాని మీద నిజంగా చేయదగ్గ ఫిర్యాదు ఒకటుంది, అది ఎవరూ చేయరు. మూత పెట్టడం మర్చిపోతే చేతిలో మూత మిగిలి గుర్తుచేస్తుంది. బటన్ నొక్కడం మర్చిపోతే గుర్తుచేసేది చొక్కా మీది మరకే.