బిగ్ ఫైవ్ జాబితా గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ బిగ్ ఫైవ్ జాబితా గారి సముఖమునకు, హైదరాబాదు నుండి ఒక సామాన్య యాత్రికుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

వచ్చే సెప్టెంబరులో కుటుంబసమేతంగా కెన్యా వెళ్లి మసాయి మారా అభయారణ్యం చూడాలని సంకల్పించి, ఎన్ని రాత్రులు, ఏ దారి, ఎంత ఖర్చు అని లెక్కలకు కూర్చున్న నాటి నుంచి, ఏ పుట తిప్పినా తమరే ఎదురవుతున్నారు. సింహం, చిరుతపులి, ఏనుగు, అడవిదున్న, ఖడ్గమృగం అనే తమ ఐదు జంతువులూ కనబడితే జన్మ తరించినట్టు, ఒక్కటి తగ్గినా పూర్ణాహుతి లేని హోమమైనట్టు అందరూ మాట్లాడుతున్నారు. మా బావమరిది అయితే ఐదు గడులు గీసిన కాగితాన్ని లామినేషన్ కూడా చేయించి తెచ్చాడు.

తమ వంశచరిత్ర కొంత చదివాను. కాలినడకన వేటాడేటప్పుడు ఏ మృగాలు ఎక్కువ ప్రాణాంతకమో లెక్కవేసుకున్న వేటగాళ్లే తమకు జన్మదాతలు. అంటే తమ కొలువులో చోటు దొరకడానికి అందమూ, అరుదుదనమూ అర్హతలు కావు, తిరగబడి వేటగాణ్ణి చంపగలిగితే చాలు. కెన్యా 1977లోనే వేటను నిషేధించింది. తుపాకులు దిగిపోయాయి గాని తమరు మాత్రం దిగలేదు. పదవీ విరమణ చేసిన మర్నాడే అదే కార్యాలయంలో సలహాదారుగా కుర్చీ వేసుకునే పెద్దమనుషులను మా వైపునా చూసి ఉన్నాము కనుక, ఇందులో నాకు పెద్దగా ఆశ్చర్యం లేదు.

నా అసలు ఫిర్యాదు ఖడ్గమృగం గురించి. మారాలో నల్ల ఖడ్గమృగాలు కొద్దిగానే ఉన్నాయి, ఉన్నవీ పొదలను అంటిపెట్టుకుని ఉంటాయి. అందువల్ల తమ ఐదో గడి నింపడానికి, కంచె వేసి వాటిని కాపాడుతున్న నకురు సరస్సు పార్కులో ఒక రాత్రి గడిపి, అక్కడి నుంచి సగం రోజు రోడ్డు మీద ఊగుతూ మారా చేరాలని మా ట్రావెల్ ఏజెంటు సెలవిచ్చాడు. ఆ రాత్రిని మారాలో ఉండవలసిన మూడు రాత్రుల్లోంచే కోశాడు. పైగా జూలై నుంచి డిసెంబరు దాకా మారాలో విదేశీ పెద్దలకు తలకు రోజుకు 200 డాలర్ల రుసుము, అదీ ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకే. బావమరిది వెంటనే ఐదుతో భాగించి, జంతువుకు 40 డాలర్లని తేల్చి, ఖడ్గమృగం రాకపోతే గిట్టుబాటు కాదన్నాడు. దానికీ ఈ బేరం సంగతి ఎవరైనా చెబితే బాగుండును.

మేము సెప్టెంబరును ఎంచుకున్నది మారా నది కోసం. టాంజానియాలోని సెరెంగెటి మైదానాల నుంచి పచ్చిక వెదుక్కుంటూ పది లక్షలకు పైగా విల్డబీస్ట్‌లనే జింకజాతి జంతువులు సాగే వలసలో, మొసళ్లున్న ఆ నదిని మందలు మందలుగా దాటే కాలమది. ఎప్పుడు దాటుతాయో చెప్పగలిగిన జ్యోతిష్కుడు లేడు. మంద నీటి అంచు దాకా వచ్చి, అరగంట నిలబడి, ఏమనుకుంటుందో ఏమో, మేతకు తిరిగిపోవచ్చు. ఒడ్డున కాచుక్కూర్చోవడమే ఆ ప్రయాణానికి ప్రాణం. కాని విల్డబీస్ట్ తమ జాబితాలో లేదు, జిరాఫీ లేదు, పరుగులో సాటిలేని చీతాకు సైతం తమ గుమ్మం బయటే నిలుచునే యోగం పట్టింది.

క్రితం ఏడాది వెళ్లి వచ్చిన మిత్రుడొకడు ఎంతో గర్వంగా తన చిరుతపులి ఫొటో చూపించాడు. డ్రైవర్లు మాట్లాడుకునే రేడియోలో, స్వాహిలీ భాషలో చిరుతపులి అని అర్థమిచ్చే ‘చుయి’ అన్న మాట వినబడగానే, నది ఒడ్డున గంటసేపటి నుంచి ఆగి ఉన్న వారి బండి వెనక్కి తిరిగి దౌడు తీసిందట. ఫొటోలో ఒక చెట్టుకొమ్మా, దాని నుంచి వేలాడుతున్న నాలుగంగుళాల తోకా, కింద పదకొండు జీపుల పైకప్పులూ ఉన్నాయి. ఒక జంతువు చుట్టూ ఒకేసారి ఐదు బండ్లకు మించరాదన్న నియమం మారాలో ఉన్నది. ఐదు అన్న అంకె మీద తమ భక్తులకు గల గౌరవం అక్కడ మాత్రం ఎందుకో సన్నగిల్లింది.

కాబట్టి నకురును కొట్టివేసి, మూడు రాత్రులనూ నదికి దగ్గరగానే ఉంచమని నిన్న ఏజెంటుకు చెప్పాను. నైరోబీ నుంచి వెళ్లే చిన్న విమానంలో తలకు 15 కిలోలే, అదీ మెత్తని సంచుల్లోనే అనుమతిస్తారు గనుక సామాను తూచి సర్దుతున్నాము. బావమరిది కాగితాన్ని గోంగూర పచ్చడి సీసా అడుగున పరిచాను. లామినేషన్ చేసినది కాబట్టి నూనె కారినా బట్టలకు అంటదు.

ఇట్లు,
నాలుగు గడులతో సరిపెట్టుకోదలచిన,
తమ విధేయుడు